వెనుక గది ఒకటి, ముందు వాకిళ్లు అనేకం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాకు అప్పగించిన విషయం కొంచెం కొత్తది. వెబ్ అప్లికేషన్ తయారు చేసేటప్పుడు దానిని ముందు భాగం, వెనుక భాగం అని రెండుగా విడదీసి, ఒక్కొక్క దానికి వేరువేరు సాంకేతిక పద్ధతులు వాడుట మంచిదా, లేక అంతా ఒకే ముక్కగా కట్టుట మంచిదా అన్నది ప్రశ్న. ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అని పెద్దలు అనుకోవచ్చు. అయితే ఈ రోజుల్లో స్కాలర్‌షిప్పు దరఖాస్తు, పింఛను, ఆసుపత్రి చీటీ, కరెంటు బిల్లు అన్నీ ఫోను తెర మీదికే వచ్చాయి. ఆ తెర ముందు ఏ పని, వెనుక ఏ పని అని పంచిన తీరునుబట్టే ఎవరి పని జరుగుతుంది, ఎవరు బయట నిలబడిపోతారు అన్నది తేలుతుంది. పైగా మన పిల్లలు చాలామంది ఈ పనినే జీవనోపాధిగా ఎంచుకుంటున్నారు. చిన్న చిన్న సంఘాలు, బడులు, దుకాణాలు కూడా ఇట్టి అప్లికేషన్లకు కష్టార్జితం ఖర్చు పెడుతున్నాయి. కాబట్టి ఈ సంగతి నలుగురికీ తెలియవలసినదే.

ముందుగా మాటల అర్థం చూద్దాము. 2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు మొదలైన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కరెంటు బిల్లు తీసుకుని వెళితే కౌంటరులోని ఉద్యోగి డబ్బు పుచ్చుకుని రసీదు ఇచ్చేవాడు. మనకు కనిపించేది ఆ కౌంటరు ఒక్కటే. మన మీటరు నంబరు, బాకీ, కట్టిన తేదీ, ఇవన్నీ వేరొక చోట దాచిన రికార్డులలో ఉండేవి. కౌంటరు లాంటిది ముందు భాగం; దానిని ఫ్రంటెండ్ అంటారు. రికార్డుల గది లాంటిది వెనుక భాగం. దానిని బ్యాకెండ్ అంటారు. వెబ్ అప్లికేషన్‌లో ఫ్రంటెండ్ అంటే మన ఫోనులోనో కంప్యూటరులోనో ఉండే బ్రౌజరులో నడిచే భాగం. బ్యాకెండ్ అంటే ఎక్కడో సర్వరులో నడుస్తూ, లెక్కలు సరిచూసి, డేటాబేసులో భద్రపరిచే భాగం. ఈ రెండు భాగాలు మాట్లాడుకొనే ఒప్పందాన్ని ఏ.పి.ఐ. అంటారు. ఏ ప్రశ్న ఏ రూపంలో అడగాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అన్నది అందులో ఉంటుంది.

మొదట్లో ఈ విభజన ఇంత గట్టిగా లేదు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పి.హెచ్.పి. గాని, 2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్ గాని, 2005లో వచ్చిన జాంగో గాని, పేజీ మొత్తాన్ని సర్వరులోనే తయారు చేసి పంపే పద్ధతిలో పుట్టినవే. బ్రౌజరు పని దానిని చూపించుట మాత్రమే. 1995లోనే నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు పది రోజుల్లో జావాస్క్రిప్ట్ భాషకు తొలి రూపం ఇచ్చాడు. కాని చాలా ఏళ్లు అది చిన్న చిన్న సింగారాలకే ఉపయోగపడింది. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చిన తరువాత, పేజీ మళ్లీ మళ్లీ తెరవకుండానే వెనుక నుండి సమాచారం తెచ్చుకోవచ్చునని అందరికీ తెలిసింది. ఆ వెనుకనే 2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాయి. ఫోను యాప్‌కు సర్వరు తయారు చేసిన పేజీతో పని లేదు. దానికి కావలసింది ఒట్టి సమాచారం. ఇక బ్యాకెండ్‌ను వేరుగా నిలబెట్టి, వెబ్‌సైటుకు, ఫోను యాప్‌కు దానినే చూపించడం సహజమైపోయింది. 2013లో రియాక్ట్, 2014లో వ్యూ వచ్చి ముందు భాగాన్ని ప్రత్యేక విద్యగా నిలబెట్టాయి. ఇప్పుడు వెనుక పైథాన్, జావా, గో వంటి భాషలు, ముందు జావాస్క్రిప్ట్ ఉండుట సర్వసాధారణం.

ఇందులో లాభమేమిటి, నష్టమేమిటి అన్నది పుస్తకాల్లో కంటే జరిగిన కథల్లో బాగా తెలుస్తుంది. రెండు కథలు చెబుతాము.

మొదటిది ట్విట్టర్ కథ. 2023లో దాని పేరు ఎక్స్ అని మారింది. 2006లో అది రూబీ ఆన్ రెయిల్స్‌తో ఒకే ముక్కగా మొదలైంది. జనం పెరిగిన కొద్దీ వెనుక భాగాన్ని క్రమంగా స్కాలా, జావా వంటి వాటిలోకి మార్చుకుంటూ పోయారు. వాడేవారికి ఆ భాషల పేర్లతో పని లేదు, ఆ మార్పు వారి కంటికి కనిపించనూ లేదు. విభజన వల్ల కలిగే పెద్ద లాభం ఇదే. ముందు వాకిలి అట్లాగే ఉంచి వెనుక గది గోడలు మార్చుకోవచ్చు.

2010 సెప్టెంబరులో ట్విట్టర్ వారు ఇంకొక అడుగు వేశారు. పేజీని తయారుచేసే పనంతా బ్రౌజరుకే అప్పగించారు. సర్వరు నుండి సమాచారం మాత్రం వస్తుంది, జావాస్క్రిప్ట్ దానిని తెర మీద అమరుస్తుంది. చూడడానికి సొగసుగానే ఉండేది. కాని చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బ్రౌజరు ముందు ఆ జావాస్క్రిప్ట్ అంతా దింపుకోవాలి, దానిని చదివి నడపాలి, అప్పుడు సమాచారం అడగాలి, అది వచ్చాక గాని మొదటి ట్వీటు కనిపించదు. పైగా వారు పేజీ చిరునామాలో హ్యాష్ గుర్తు పెట్టారు. ఆ గుర్తు తరువాతి భాగాన్ని బ్రౌజరు సర్వరుకు పంపదు. అంటే ఏ పేజీ అడిగారో సర్వరుకు తెలియనే తెలియదు. 2012 మే నెలలో వారు ఆ పద్ధతిని విడిచి, మొదటి పేజీని మళ్లీ సర్వరులోనే తయారు చేయుట మొదలుపెట్టారు. దానివల్ల మొదటి పేజీ వచ్చే సమయం అంతకు ముందున్న దానిలో అయిదవ వంతుకు తగ్గిందని వారే ప్రకటించారు.

అట్లని ముందు భాగం విద్య పనికిరాదని అర్థం కాదు. 2017లో అదే ట్విట్టర్ వారు రియాక్ట్‌తో ట్విట్టర్ లైట్ తయారు చేశారు. మందంగా నడిచే నెట్‌వర్కులను, చిన్న ఫోన్లను దృష్టిలో పెట్టుకుని కొలత ప్రకారం కుట్టిన కుర్తా వంటిదది. రెండుసార్లూ విభజన ఉంది. ఏ పని ఎక్కడ జరగాలన్న లెక్క మాత్రం మారింది.

ఇదే కథలో ఇంకొక చిన్న ముచ్చట ఉంది. విద్యార్థులు దీనిని గుర్తు పెట్టుకోవాలి. 2010లోనే ట్వీట్ల నంబర్లు చాలా పెద్దవయ్యాయి. వెనుక ఉన్న భాషలకు ఆ నంబర్లతో ఇబ్బంది లేదు. కాని జావాస్క్రిప్ట్‌లో మామూలు అంకె 9,00,71,99,25,47,40,992 దాటితే చివరి అంకెలు తప్పిపోతాయి. అందుచేత ట్విట్టర్ వారు ప్రతి నంబరును అంకెగా ఒకసారి, అక్షరాల వరుసగా మరొకసారి పంపవలసి వచ్చింది. మనకిది దూరపు సంగతి కాదు. బ్యాంకు ఖాతా నంబర్లు కొన్ని సున్నతో మొదలవుతాయి. దరఖాస్తులో ఆ నంబరును అంకెగా పంపితే ముందున్న సున్న ఎగిరిపోతుంది. ఒక అమ్మాయికి రావలసిన ఫీజు డబ్బు ఖాతాలో పడకుండా వెనక్కు పోవడానికి అంత చిన్న కారణం చాలు. రెండు భాషల మధ్య సరిహద్దు పెట్టినప్పుడు, ఆ సరిహద్దు దాటే ప్రతి వస్తువు రూపం ముందే రాసుకోవాలి. ఖాతా నంబరు, ఫోను నంబరు, తేదీ, డబ్బు, ఇవి నాలుగూ ముఖ్యం.

రెండవది మనమందరం అనుభవించిన కోవిన్ కథ. 2021 జనవరి 16న మన దేశంలో కోవిడ్ టీకాలు మొదలైనాయి. వెనుక లెక్క ఒక్కటే. దానికి ముందు వాకిళ్లు మాత్రం చాలా ఉండేవి. కోవిన్ వెబ్‌సైటు ఒకటి, ఆరోగ్య సేతు యాప్ ఒకటి, ఉమంగ్ యాప్ ఒకటి. టీకా వేసే కేంద్రంలో సిబ్బంది వాడే తెర వేరొకటి. ఏ వాకిలి నుండి వచ్చినా ఒక మనిషి పేరు ఒక్కసారే నమోదు కావాలి, ఒక డోసు ఒక్కరికే లెక్క కావాలి. వెనుక భాగం వేరుగా ఉన్నందువల్లనే ఇది సాధ్యమైంది.

ఆ ఏప్రిల్ 28న 18 నుండి 44 ఏళ్ల వారికి రిజిస్ట్రేషన్ తెరిచారు. ఆ రోజుల్లో సైటు ఇంగ్లీషులోనే ఉండేది. జూన్ నెలలో తెలుగు, హిందీ మొదలైన భాషలు వచ్చాయి. భాష మార్చుట ముందు వాకిలి పని. వెనుక లెక్కను కదిలించనక్కరలేదు. ఇంత సులువైన పనిని మొదటి రోజునే చేసి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో ఆలోచించండి.

ఇంకొకటి. సర్కారు వారు కోవిన్ ఏ.పి.ఐ.ని ప్రజలకు తెరిచారు. దానివల్ల ఎక్కడ ఖాళీ ఉందో తెలిపే సాధనాలను ఎందరో యువకులు తయారు చేశారు. చాలామందికి ఉపకారం జరిగింది. కాని కోడు రాయడం తెలిసినవారు, వేగమైన ఇంటర్నెట్ ఉన్నవారు ముందుగా స్లాట్లు పట్టుకున్నారన్న విమర్శ కూడా వచ్చింది. అప్పుడు ఒక్కొక్క ఇంటర్నెట్ చిరునామా నుండి అయిదు నిమిషాలకు 100 ప్రశ్నలు మాత్రమే అడగవచ్చునని హద్దు పెట్టారు. ఈ హద్దు ఎక్కడ పెట్టారో చూడండి. వెబ్‌సైటు పేజీలో కాదు, వెనుక తలుపు దగ్గర. తలుపు వెనుకనే ఉంటుంది కాబట్టి కాపలా కూడా వెనుకనే ఉండాలి.

అయినా ఫోను లేని వారి సంగతి మిగిలే ఉంది. అందుకని మే 24న 18 నుండి 44 ఏళ్ల వారికి కూడా ప్రభుత్వ కేంద్రాలలో అక్కడికక్కడే పేరు నమోదు చేసుకునే వీలు ప్రకటించారు. కేవలం పోర్టల్ మీద ఆధారపడితే డిజిటల్ సౌకర్యం లేని వారు మిగిలిపోతారని మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా ఆందోళన వెలిబుచ్చింది. మా దృష్టిలో కేంద్రంలో కూర్చున్న ఆ ఆరోగ్య కార్యకర్త కూడా ఒక ముందు వాకిలే. ఇంజనీర్లు బొమ్మ గీసేటప్పుడు వెబ్‌సైటును, ఫోను యాప్‌ను గీస్తారు. బల్ల దగ్గర కూర్చుని చదువురాని నానీమా పేరు రాసుకునే మనిషిని కూడా ఆ బొమ్మలో గీయాలి. వెనుక భాగం శుభ్రంగా వేరు చేసి ఉంటే, ఆ మనిషికొక తెర ఇవ్వడం పెద్ద కష్టం కాదు.

ఇక మన సంగతికి వద్దాము. ఉదాహరణకు ఒక సంఘం పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఆన్‌లైను దరఖాస్తు పెట్టదలచింది అనుకుందాము. ఏడాదికి రెండు మూడు వందల దరఖాస్తులు వస్తాయి. అయిదుగురు సభ్యుల కమిటీ వాటిని చూస్తుంది. దీనికి ముందు ఒక సాంకేతికం, వెనుక ఒక సాంకేతికం, రెండు సర్వర్లు, ఇద్దరు పనివాళ్లు అవసరమా? మా అభిప్రాయంలో అవసరం లేదు. జాంగో గాని, 2011లో వచ్చిన లారవెల్ గాని తీసుకుంటే లాగిన్, ఫారాలు, డేటాబేసు పనులు ఒకేచోట అమర్చుకోవచ్చు. ఒక్క మనిషి దానిని చూసుకోగలడు. రెండుగా కడితే ఆ చిన్న పనికే రెండు భాషలు, రెండు చోట్ల మరమ్మతులు, రెండు చోట్ల లాగిన్ చిక్కులు వస్తాయి. రెండు వేర్వేరు చిరునామాల నుండి నడిపితే బ్రౌజరు కూడా అనుమానపడి, అనుమతి రాసి ఇస్తే తప్ప ఒకదాని జవాబు ఇంకొకదానికి చదవనివ్వదు. కట్టిన అబ్బాయి ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్లిపోతే తరువాత ఆ రెండు భాగాలను అందుకునేవాడు దొరకాలి కదా!

బరువు లెక్క కూడా చూడండి. పేజీతోపాటు 2 మెగాబైట్ల జావాస్క్రిప్ట్ పంపితే, సెకనుకు ఒక మెగాబిట్ నెట్‌వర్కులో దింపుకోవడానికే 16 సెకన్లు పడుతుంది. తండ్రి ఫోను అడిగి తీసుకుని, ఇంటి డాబా ఎక్కి సిగ్నలు వెతుక్కునే అమ్మాయి ఆ 16 సెకన్లు తెల్లటి తెర చూస్తూ కూర్చోవాలి. సర్వరులో తయారైన సాదా ఫారం దీనికంటే ఎంతో తేలిక.

మరి ఎప్పుడు విడదీయాలి? వెబ్‌సైటుతో పాటు ఫోను యాప్ కూడా నిజంగా అవసరమైనప్పుడు. వేరే సంస్థలు కూడా మన లెక్కతో మాట్లాడవలసి వచ్చినప్పుడు. ముందు పనికి ఒక జట్టు, వెనుక పనికి ఒక జట్టు ఉండి, ఒకరి కోసం ఒకరు ఆగవలసి వస్తున్నప్పుడు. పటం, చర్చ, బొమ్మలు గీయుట వంటి నిమిషనిమిషం కదిలే పని తెర మీద ఉన్నప్పుడు. మెల్విన్ కాన్వే అనే ఆయన 1968లోనే ఒక మాట రాశాడు. ఏ సంస్థ కట్టిన వ్యవస్థ అయినా, ఆ సంస్థలోని మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుందని దాని సారాంశం. ఇద్దరు మనుషులున్న చోట ఇరవై మంది కట్టే భవనం పథకం వేయరాదు.

ఒకే ముక్కగా కట్టినా లోపల మాత్రం క్రమం ఉండాలి. అర్హత నియమాలు ఒక చోట, తెర మీద చూపే పని ఒక చోట రాసుకోవాలి. అట్లా ఉంటే రేపు యాప్ అవసరం వచ్చినప్పుడు ఇంకొక వాకిలి తెరుచుకోవచ్చు. ఇంటికి రెండో అంతస్తు ఇప్పుడే వేయనక్కరలేదు గాని పునాది మాత్రం గట్టిగా వేయాలి.

విడదీసినా విడదీయకపోయినా ఒక నియమం మారదు. అది కాపలా సంగతి. ముందు భాగం వాడేవాడి చేతిలో ఉంటుంది. తెలిసినవాడు దానిని తనకు కావలసినట్లు మార్చుకోగలడు, దానిని దాటి నేరుగా వెనుక తలుపు తట్టగలడు. ఆదాయ పరిమితిని ముందు భాగంలో మాత్రమే సరిచూస్తే అది సరిచూసినట్లు కాదు. అంతకంటె ప్రమాదం ఇంకొకటుంది. ఒక దరఖాస్తు నంబరు 125 అనుకోండి. ఎవరో 126 అని అడిగితే, అడిగినవారు ఎవరో చూడకుండా వెనుక భాగం ఆ కాగితం ఇచ్చివేస్తే, ఒక పేద ఇంటి ఆదాయం, ఆధార్ నంబరు, ఆడపిల్ల ఫోటో, ఇంటి చిరునామా పరాయివాడి చేతిలో పడతాయి. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ముఖ్య ప్రమాదాలలో మొదటి స్థానం ఇట్టి అనుమతి లోపాలదే. మన మీద నమ్మకంతో అప్పగించిన కాగితాలు అమానతు వంటివి. అడిగిన ప్రతిసారీ, అడిగినవారు ఎవరు, వారికి హక్కు ఉన్నదా అని వెనుక భాగమే చూడాలి. ముందు భాగంలో చేసే తనిఖీ మర్యాద కోసం. పొరపాటు రాసినవారికి వెంటనే తెలియజేయడానికి.

కాబట్టి ఇట్టి పని చేయించుకునే పెద్దలు గుత్త ఇచ్చే ముందు అయిదు ప్రశ్నలు అడగండి. దీనిని ఎన్ని వాకిళ్ల నుండి వాడతారు? కట్టినవారు వెళ్లిపోతే ఎవరు చూస్తారు? చవక ఫోనులో మొదటి పేజీ ఎన్ని సెకన్లకు వస్తుంది? ఒకరి దరఖాస్తు ఇంకొకరు చూడకుండా తనిఖీ ఎక్కడ పెట్టారు? ఫోను లేనివారు వస్తే వారి పేరు ఎవరు, ఏ తెర మీద రాస్తారు? ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పేవారు ఏ సాంకేతికం వాడినా ఫరవాలేదు. జవాబు చెప్పకుండా కొత్త పేర్లు వల్లించేవారితో జాగ్రత్త.

విద్యార్థులకు ఒక్క మాట. ఉద్యోగ ప్రకటనల్లో ఫ్రంటెండ్, బ్యాకెండ్, ఫుల్ స్టాక్ అని చూసి కంగారు పడకండి. ఏదో ఒక వైపు నైపుణ్యం సంపాదించండి, రెండవ వైపు భాష అర్థమయ్యేటంత నేర్చుకోండి. 2010లో వచ్చిన యాంగ్యులర్ జె.ఎస్. ఒకప్పుడు అందరి నోటా ఉండేది. 2021 డిసెంబరు 31తో దాని అధికారిక మద్దతు ముగిసింది. మరి 1970లలో పుట్టిన ఎస్.క్యు.ఎల్., 1990లలో వచ్చిన హెచ్.టి.ఎమ్.ఎల్. ఈ రోజుకూ అన్నం పెడుతున్నాయి. బ్రౌజరు అడిగిన ప్రశ్న సర్వరుకు ఎట్లా చేరుతుంది, జవాబు ఎట్లా తిరిగి వస్తుంది, మధ్యలో ఎవరు సరిచూస్తారు అన్నది ఒకసారి గట్టిగా నేర్చుకుంటే, పైన పేర్లు ఎన్ని మారినా మీ చదువు వృథా కాదు. వేసవి సెలవుల్లో ఒక చిన్న దరఖాస్తు ఫారం మొదట ఒకే ముక్కగా కట్టండి, తరువాత దానినే రెండుగా విడదీసి కట్టండి. ఎక్కడ సులువైంది, ఎక్కడ బరువు పెరిగింది అన్నది మీ చేతులకే తెలుస్తుంది. మాలో కొందరం ఆదివారాలు ఇందుకు సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వవలసిందిగా కోరుచున్నాము. ఆడపిల్లలు కూడా తప్పక ఇవ్వాలి.